అభ్యంతరదారు మా తమ్ముడే

ఫిబ్రవరి 3

అక్కకి,

ఇక్కడ నేనూ, నీ మరదలూ, నా మూడు జనరేటర్లూ కులాసా. అక్కడ నువ్వూ బావా కూడా కులాసాగానే ఉన్నారని అనుకుంటున్నాను. అనుకోవడమే తప్ప తెలిసే దారి లేదు. మీరు ఇల్లు మారారని ఎవరో చెబితే తెలిసింది. కొత్త అడ్రసు మాత్రం ఎవరూ చెప్పలేదు. అందుకే ఆఫీసుకి రాస్తున్నాను. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఫోన్లో నువ్వు నన్ను మాట్లాడనివ్వవు. కాగితం మీదైతే మధ్యలో అడ్డు రాలేవు.

నిన్న మంగలి షాపులో పేపరు తిరగేస్తుంటే మీ ఇంధన శాఖ ప్రకటన కనపడింది. 'పునరుత్పాదక ఇంధన విధానం, ముసాయిదా' అని పెద్దక్షరాలు. "ఇది మా అక్క వాళ్ళ సెక్షన్లో రాసిందే" అని అక్కడున్న వాళ్ళందరికీ చూపించాను. మంగలి కత్తి పక్కన పెట్టి విన్నాడు. గొంతు సవరించుకుని గట్టిగా చదివాను. సూర్యరశ్మి, గాలి, భావి తరాలు, బాగానే నడిచింది. ఆ తర్వాత 'కరెంటు సరఫరా ఉన్న పట్టణాల్లో పగటిపూట డీజిల్ జనరేటర్లు అద్దెకు తిప్పడం నిషేధం' అని వచ్చింది. నేను అక్కడే ఆగిపోయాను. మిగతాది మంగలే చదివి, "మీ అక్క నిన్నే అన్నట్టుందే" అన్నాడు. సగం గడ్డంతో లేచి వచ్చేశాను.

కరెంటు సరఫరా ఉన్న పట్టణాలా? మా ఊళ్ళో స్తంభాలున్నాయి, తీగలున్నాయి, బిల్లు కూడా ఠంచనుగా వస్తుంది. కరెంటొక్కటే దానికి బుద్ధి పుట్టినప్పుడు వస్తుంది. అది పోయిన మరుక్షణం పెళ్ళి హాలు వాళ్ళూ, సినిమా హాలు వాళ్ళూ, ప్రసూతి ఆసుపత్రి డాక్టరమ్మగారూ పిలిచేది నన్నే. ఈ ఊళ్ళో నా పేరు ఎప్పుడో పోయింది, అందరికీ నేను 'జనరేటర్'నే. ఆ సంగతి నీకు తెలుసు. తెలిసీ రాశావు. చిన్నప్పుడు నా బొమ్మ కారు తొక్కి విరగ్గొట్టావు. అప్పుడూ ఇంతే, చూసుకోలేదన్నావు.

బావ గురక తగ్గిందా? పోయినసారి వచ్చినప్పుడు పక్క గదిలో పడుకున్నా నాకు కునుకు పట్టలేదు. ఊళ్ళో మోతల మీద రూళ్ళు రాసేవాళ్ళు ముందు ఇంట్లో మోత సంగతి చూసుకోవాలి. నా నీలం స్వెటర్ కూడా మీ ఇంట్లోనే ఉండిపోయింది, పంపించు.

ఇట్లు,
కడుపు మండిన తమ్ముడు

ఫిబ్రవరి 12

తమ్ముడూ,

ఎలా ఉన్నావు? నీ దగ్గర నుంచి ఉత్తరం ముక్క లేదు. కొత్త ఇల్లు సర్దుకోవడంలో నాకూ తీరలేదులే. అడ్రసు కవరు వెనక రాశాను. ఇల్లు బాగుంది, వంటగది కిటికీ ఒక్కటే బిగుసుకుపోయి తెరుచుకోదు. మీ బావ రోజూ దానితో కుస్తీ పడుతున్నారు. ఇప్పటివరకు కిటికీదే గెలుపు.

ఒక మంచి మాట చెబుదామని రాస్తున్నాను. డాబాల మీద సౌర ఫలకాలు పెట్టుకునే వాళ్ళకి రాయితీ ఇచ్చే పథకం మొదలైంది. ఎండ ఉన్నంతసేపు ఇంటికి వాడుకుని, మిగిలిన కరెంటు లైనులోకి పంపితే మీటరు ఆ మేరకు వెనక్కి తిరుగుతుంది. మీ ప్రాంతం నుంచి ఒక్కరూ రారేమోనని దిగులు పడ్డాను. నిన్న మొదటి దరఖాస్తు వచ్చింది, అదీ మన ఊరి నుంచే! ఎవరో టైలరింగ్ షాపు ఆవిడట. 'కరెంటు లేక కుట్టుమిషన్లు పడుకుంటున్నాయి, నన్ను పట్టించుకునే నాథుడు లేడు' అని రాసింది. పాపం, ఎంత విసిగిపోయిందో. నేను వెంటనే ఫైలు మీద మంచి మాట రాసి పంపాను. ఇలాంటి ఆడవాళ్ళు ఇంకో పదిమంది ఉంటే దేశం బాగుపడుతుంది. నీకు తెలిసినావిడైతే నా తరఫున అభినందించు.

మరదలిని అడిగానని చెప్పు.

నీ అక్క

ఫిబ్రవరి 21

అక్కకి,

అభినందించాను. ఆ టైలరింగ్ షాపు నా ఇంటి మేడ మీదే ఉంది. ఆ పట్టించుకోని నాథుణ్ణి నేనే.

నీ ఉత్తరం చదివి, మన ఊళ్ళో టైలరింగ్ చేసే ఆడవాళ్ళు ఎంతమందా అని వేళ్ళ మీద లెక్కపెట్టబోయాను. ఒక్క వేలుతో సరిపోయింది. మేడెక్కి అడిగితే నీ మరదలు మిషను ఆపకుండానే చెప్పింది: "ఊరంతటికీ వెలుగు పట్టుకెళ్తారు. మీ మిషన్లలో ఒక్కటైనా ఎప్పుడన్నా ఈ మెట్లెక్కిందా? నేను కిటికీ దగ్గర కళ్ళు చికిలించుకుని కాజాలు కుట్టుకోవాలా?" వదినా మరదళ్ళు కూడబలుక్కుని చేశారని నాకు తెలియదనుకోకు. ఒకరు ఆఫీసులో కూర్చుని నిషేధం రాస్తారు, ఇంకొకరు ఇంట్లో కూర్చుని దరఖాస్తు రాస్తారు. నేను మధ్యలో డీజిల్ డబ్బా పట్టుకుని నిలబడాలి.

ఇంకోటి. మీటరు వెనక్కి తిరుగుతుందా? మా వీధి చివర పిండిమర ఆయన మీటరు వెనక్కి తిప్పినందుకు మీ వాళ్ళే పట్టుకెళ్ళారు. ఇప్పుడు మీరే తిప్పుతారన్నమాట.

ఇదంతా ఒక ఎత్తు. నిన్న మీ శాఖ నుంచి సీలేసిన కవరు వచ్చింది. నేను నీకు రాసుకున్న ఉత్తరానికి ఎవరో అధికారి జవాబిచ్చాడు. ఉన్నదున్నట్టు రాస్తున్నాను చూడు: 'తమ లేఖను ముసాయిదాపై అభ్యంతరంగా స్వీకరించడమైనది. అందులో పేర్కొన్న బావగారి గురక ఈ విధానం పరిధిలోనికి రాదు. తగు చర్య నిమిత్తం శబ్ద కాలుష్య విభాగమునకు పంపబడినది. నీలం స్వెటర్ విషయమై శాఖకు ఎట్టి బాధ్యతా లేదు. బొమ్మ కారు ఫిర్యాదుకు కాలపరిమితి దాటినది. డీజిల్ జనరేటర్ల అంశముపై మార్చి 24న జరుగు బహిరంగ విచారణకు హాజరు కాగలరు.'

తమ్ముడు రాసిన ఉత్తరాన్ని ఇలా వీధిలో పెడతావా అక్కా? నీకు కళ్ళు నెత్తికెక్కాయి.

తమ్ముడు (తమరి అభ్యంతరదారు)

మార్చి 1

తమ్ముడికి,

ముందు కాస్త చల్లబడు, మంచినీళ్ళు తాగి చదువు.

నీ ఉత్తరం నా చేతికి రాలేదు. కవరు మీద నా పేరు రాయకుండా 'పునరుత్పాదక ఇంధన విధానం రాసిన అక్కకి' అని రాశావట. టపా విభాగంలో ఒక గుమాస్తా కవరు చించి, 'విధానం' అన్న మాట చూసి అభ్యంతరాల దస్త్రంలో పెట్టేశాడు. ఆయన తప్పేమీ లేదు, వచ్చిన ప్రతి కాగితానికీ జవాబివ్వాలని రూలు. ఆ రూలు రాసిందీ మా సెక్షనే. నీ ఉత్తరం నాకన్నా ముందు మా డైరెక్టరమ్మగారు చదివారు. నన్ను పిలిచి, "ఈ గురక మీ ఇంట్లోదేనా?" అని అడిగారు. భూమి నోరు తెరిస్తే బాగుండుననిపించింది. శబ్ద కాలుష్యం వాళ్ళు నిజంగానే ఫోన్ చేసి ఇంటికి ఎప్పుడు రమ్మంటారని అడిగారు. మీ బావ మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

మరదలు షాపు పెట్టిన సంగతి మీరెవరూ నాకు చెప్పనేలేదు, దరఖాస్తులోనూ షాపు పేరే ఉంది తప్ప తన పేరు లేదు. తెలిస్తే నేను ఆ ఫైలు ముట్టుకునేదాన్నే కాదు. ఆ సంగతి, నువ్వు నా తమ్ముడివన్న సంగతీ రెండూ రాసిచ్చేశాను. మరదలి ఫైలు వేరే వాళ్ళు మళ్ళీ మొదటి నుంచి చూస్తారు. నీ విషయంలో నేను అభిప్రాయం చెప్పకూడదని, విచారణలో పేర్లు పిలిచి మినిట్స్ రాయడం వరకే నా పని అని డైరెక్టరమ్మగారు ఆర్డరేశారు. విచారణ అయ్యి తుది విధానం వచ్చేవరకు జనరేటర్ల గురించి నీతో ఒక్క మాట కూడా మాట్లాడకూడదు.

కాబట్టి చెబుతున్నాను: ఇక్కడ ఎండలు ముదురుతున్నాయి. గాలి బాగానే వీస్తోంది. సాయంత్రం కాస్త చల్లగా ఉంటోంది.

నీ అక్క

మార్చి 9

అక్కకి,

ఎండా, గాలీ గురించి రాసి ఊరుకున్నావు. నాకర్థం కాలేదనుకున్నావా? సౌర విద్యుత్తు, పవన విద్యుత్తు. నన్ను వెక్కిరిస్తున్నావు. సాయంత్రం చల్లగా ఉంటోందంటే నా పని చల్లబడిందనేగా?

సరే, నేనూ వస్తాను విచారణకి. 'పెద్దాడి'ని వ్యానులో ఎక్కించుకుని మరీ వస్తాను. అదే, నా మూడింటిలో పెద్ద జనరేటర్. మీ హాలు బయట నిలబెడతాను. విచారణ మధ్యలో కరెంటు పోతుంది. పోయి తీరుతుంది, అది కరెంటు కాబట్టి. అందరూ చీకట్లో కూర్చుంటారు. అప్పుడు నేను లేచి మాట్లాడతాను, బయట పెద్దాడు గర్జిస్తాడు, దీపాలు వెలుగుతాయి. ఆ తర్వాత నిషేధం సంగతి చూద్దాం. ప్రసంగం కూడా రాసుకున్నాను. నీ మరదలికి వినిపిస్తే మిషను మోతలో వినపడలేదంది. మిషను ఆగే ఉంది.

23 సాయంత్రానికి మీ ఇంటికి వస్తాం. పక్కలు ఎక్కడ వేస్తావో వేయి, బావ గదికి దూరంగా మాత్రం వేయి.

తమ్ముడు

మార్చి 14

తమ్ముడికి,

ఇది ఎలా రాయాలో తెలియక మూడు కాగితాలు చింపాను. అభ్యంతరదారు విచారణకి ముందు రోజు మినిట్స్ రాసే మనిషి ఇంట్లో ఉండకూడదట. డైరెక్టరమ్మగారిని అడిగాను. "మీ తమ్ముడని తెలుసు, అందుకే వద్దంటున్నాను" అన్నారు. ఆఫీసు వెనక వీధిలో ఒక లాడ్జి ఉంది, శుభ్రంగానే ఉంటుంది. మీ బావ వచ్చి గది మాట్లాడతారు, ఆయన శాఖ మనిషి కాదు కాబట్టి ఫర్వాలేదట.

పెద్దాణ్ణి తీసుకురావద్దు.

నీ అక్క

మార్చి 30

ఇంధన శాఖ ఉద్యోగిని గారికి,

ఇలా మొదలుపెట్టినందుకు నీ మరదలు చీవాట్లు వేస్తోంది. అయినా మార్చను.

సొంత అక్క ఉన్న ఊళ్ళో లాడ్జిలో దిగాను. ఆ బాధ నాతోనే ఉండనీ. బావ మాత్రం మంచివాడు. రాత్రి భోజనం కారియరులో తెచ్చి, మాతో పాటు తిని, అలసిపోయానంటూ అక్కడే పడుకున్నారు. ఆ లాడ్జి వాళ్ళు మమ్మల్ని మళ్ళీ రానివ్వరు.

మీ హాల్లో ఆ పాడు కరెంటు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కదిలితే ఒట్టు. మా ఊళ్ళో ఒక్క పూట అలా ఉండమంటే ఉండదు. పెద్దాడు బయట వ్యానులో పడిగాపులు కాశాడు. మీ గేటు వాచ్‌మన్ నీడ బాగుందని దాని పక్కన కుర్చీ వేసుకుని కునుకు తీశాడు.

అప్పుడు నువ్వు మైకులో నన్ను పిలిచావు. తలెత్తకుండా, "మీ పేరు చెప్పండి" అన్నావు. అక్కా, నాకు పేరు పెట్టింది నువ్వు! నువ్వే పెట్టి నువ్వే అడిగేసరికి నా బుర్ర ఖాళీ అయిపోయింది. "జనరేటర్ అండీ" అన్నాను. హాలంతా గొల్లుమంది. జేబులోంచి ప్రసంగం తీశాను. అది కరెంటు పోతుందన్న ధీమాతో రాసుకున్నది. ఆపితే మళ్ళీ దారి దొరకదని ఉన్నదున్నట్టు చదివేశాను. "అధ్యక్షా, ఈ చీకట్లో మీ ముఖాలు నాకు కనపడటం లేదు." అందరి ముఖాలూ చక్కగా కనపడుతున్నాయి. చైర్మన్ గారు కళ్ళద్దాలు తుడుచుకున్నారు, లోపం తనదేమోనని.

సౌర ఫలకాలు ఎండని లాగేసుకుంటే ఊళ్ళో ఎండ తగ్గిపోతుందని కూడా అన్నాను. ఎవరో చెబితే విన్నది. అంతే, నీ మరదలు వెనక వరుసలోంచి లేచి, "ఆయన మాట నమ్మకండి, ఎండ పని ఎండదే, వాటి పని వాటిదే, మా పక్కూరి డాబాల మీద చూసొచ్చాను" అంది. కట్టుకున్న పెళ్ళాం. నిండు సభలో.

ఇక కాగితం మడిచి జేబులో పెట్టేశాను. డాక్టరమ్మగారి సంగతి ఒక్కటే చెప్పాను. "పట్టపగలు కాన్పు మధ్యలో కరెంటు పోతే ఆవిడ మీ రూలు పుస్తకం తీస్తుందా, నాకు ఫోన్ చేస్తుందా? నేను ఎత్తాలా వద్దా?" అన్నాను. ఎవరూ నవ్వలేదు. చైర్మన్ గారు, "అయితే మీకేం కావాలి?" అని అడిగారు. అంతవరకు ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు, నేనూ వేసుకోలేదు. "నాకు పని కావాలండీ. పొగా, మోతా ఉండి తీరాలని నాకేం లేదు" అన్నాను.

నువ్వు రాసుకుంటూనే ఉన్నావు. ఒక్కసారి తలెత్తి చూస్తే నీ సొమ్మేం పోయేది?

జనరేటర్

మే 6

తమ్ముడూ,

ఇవాళ తుది విధానం గెజిట్‌లో వచ్చింది. నా నోటికి వేసిన తాళం తీశారు. ఇన్నాళ్ళు దాచుకున్నదంతా ఒక్కసారి రాస్తున్నాను, చేతిరాత బాగోకపోతే సర్దుకో.

తల ఎందుకెత్తలేదంటావా? ఎత్తితే నువ్వు కనపడతావు. నువ్వు పుట్టినప్పుడు ఇంట్లో ఏదో పేరు అనుకుంటే, నేను అలిగి అన్నం మానేసి నాకు నచ్చిన పేరు పెట్టించాను. ఆ పేరు నువ్వు మైకులో చెబుతావని పెన్ను పట్టుకుని కూర్చుంటే 'జనరేటర్' అన్నావు. అందరూ నవ్వారు. నేను మాత్రం నవ్వలేదు. మినిట్స్‌లో నీ పేరు ఇంటిపేరుతో సహా పూర్తిగా రాశాను. డైరెక్టరమ్మగారు చూసి సంతకం చేశారు.

ఇప్పుడు పోట్లాట. నీ మీద కక్షతో రాశాననుకున్నావు కదూ? మనం కాల్చే డీజిల్‌కి ముడి చమురు చాలావరకు పరాయి దేశాల నుంచి కొనుక్కుంటున్నదే. దాని ధర పెరిగినప్పుడల్లా నువ్వే కదా నాకు తిట్లు రాస్తావు. ఎండ మాత్రం ఊరికే నెత్తిన పడుతోంది. ఆ రూలు అవసరం. నేనిప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను. అయితే 'కరెంటు సరఫరా ఉన్న పట్టణాలు' అన్న ముక్క దగ్గర మేం తొందరపడ్డాం. మా కాగితాల్లో తీగ ఉన్న ప్రతి ఊరికీ కరెంటు ఉన్నట్టే. ఆసుపత్రుల వాళ్ళు కూడా అదే గోల పెట్టారు. ఇప్పుడు మార్చారు. సరఫరా నిలకడగా ఉందని తేలేవరకు ఆ ఊళ్ళో నిషేధం ఉండదు. ఆసుపత్రులకి ఎక్కడైనా మినహాయింపు.

నువ్వన్న చివరి మాట గురించి చెప్పాలి. నువ్వు వెళ్ళాక కమిటీలో ఒకాయన, "పని కావాలంటున్న ఇలాంటి వాళ్ళ కోసం ముసాయిదాలో ఏమన్నా ఉందా?" అని అడిగారు. మినిట్స్ రాసే దాన్ని కాబట్టి పాత కాగితాలు చదివి వినిపించమన్నారు. మొదటి ముసాయిదాలో ఒక అధ్యాయం ఉండేది. జనరేటర్లు తిప్పేవాళ్ళు, కరెంటు నింపుకుని కావలసిన చోటికి తీసుకెళ్ళే బ్యాటరీ వ్యాన్లకి మారితే తక్కువ వడ్డీకి అప్పు, పని నేర్పడానికి శిక్షణ. అది నేను రాసిందే. పేజీలు ఎక్కువయ్యాయని పైవాళ్ళు తీసేశారు. నేను చదివాను, అభిప్రాయం చెప్పలేదు, నోరు మూసుకుని కూర్చున్నాను. డైరెక్టరమ్మగారే పెన్ను తీసి, "పేజీలు ఎక్కువైతే కానివ్వండి" అన్నారు. అధ్యాయం మళ్ళీ లోపలికి వచ్చింది.

నీ ప్రసంగంలో సగం తప్పులు. ఎండ తగ్గడమేమిట్రా? మా ఆఫీసులో ఇప్పుడు మబ్బు పట్టినప్పుడల్లా, "ఎవరో ఫలకాలు పెట్టారు" అంటున్నారు.

మరదలి దరఖాస్తు రెండోసారి చూసిన వాళ్ళు కూడా ఖాయం చేశారు. నేను వేలు పెట్టలేదు. స్వెటర్ వేరే పార్సెల్‌లో పంపాను. ఇక ఏ రూలూ అడ్డం లేదు, ఎప్పుడొచ్చినా మన ఇంట్లోనే దిగు.

నీ అక్క

సెప్టెంబరు 18

అక్కకి,

స్వెటర్ అందింది. అది నాది కాదు, బావది. ఉంచేసుకున్నాను.

శిక్షణకి వెళ్ళొచ్చాను. అప్పు మంజూరైంది, బ్యాటరీ వ్యాను వచ్చింది. 'పెద్దాడి'ని అమ్మేశాను. కొన్నాయన తోలుకెళ్తుంటే వీధి మలుపు దాకా వెనకే నడిచాను. నీ మరదలు చూసి కూడా చూడనట్టు ఊరుకుంది. మిగతా రెండూ ఆసుపత్రి అవసరాల కోసం షెడ్డులో ఉన్నాయి.

బ్యాటరీలు నింపుకోవడం ఎక్కడనుకున్నావు? నీ మరదలి డాబా మీదే. ముందు ఆవిడ మిషన్లు నడవాలి, ఇస్త్రీ పెట్టె నడవాలి, ఆ తర్వాతే నా వ్యాను. మబ్బు పట్టిన రోజున, "ఇవాళ మీకు లేదు, రేపు రండి" అంటుంది. ఇన్నాళ్ళూ ఊరంతటికీ ఆ మాట నేను చెప్పాను. ఇప్పుడు మెట్ల మీద నిలబడి వింటున్నాను.

మొదటి పెళ్ళికి వ్యాను తీసుకెళ్తే గొడవైపోయింది. దీపాలన్నీ వెలుగుతున్నాయి. అయినా పెళ్ళికూతురి తండ్రి వచ్చి, "మోత ఏదయ్యా? మోత లేకపోతే జనరేటర్ పెట్టించామని పదిమందికీ ఎలా తెలుస్తుంది?" అని పట్టుకున్నాడు. ఎంత చెప్పినా వినడే. పైగా మోత లేకపోయేసరికి, వియ్యపురాలు వంటల గురించి పక్కావిడ చెవిలో చెప్పిన మాట వరసంతటికీ వినపడింది. ఆ గొడవ కూడా నా మీదకే వచ్చింది.

అసలు రాయాలనుకున్నది ఇది. మొన్న మధ్యాహ్నం భోంచేస్తుంటే డాక్టరమ్మగారు ఫోన్ చేశారు. చెయ్యి కడుక్కోకుండానే పరిగెత్తాను. కాన్పు గది కిటికీ పక్కన వ్యాను ఆపి, తీగ తగిలించి, మీట నొక్కాను. లోపల లైట్లు వచ్చాయి. అంతే, ఇక నాకు పనేమీ లేదు. తాడు లాగేది లేదు, డీజిల్ పోసేది లేదు, పొగకి తల తిప్పుకునేది లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచక గోడకి ఆనుకుని నిలబడ్డాను. పక్కన ఆ అమ్మాయి భర్త చెప్పులు లేకుండా అటూ ఇటూ తిరుగుతున్నాడు.

కాసేపటికి లోపల్నుంచి కెవ్వుమని ఏడుపు వినపడింది.

అక్కా, ఇన్నేళ్ళుగా ఆ కిటికీ పక్కన నిలబడ్డాను. నా వెలుగులో ఎంతమంది పుట్టి ఉంటారో. ఎప్పుడూ మిషను మోతే, నర్సు బయటికొచ్చి చేత్తో సైగ చేస్తే అయిపోయిందని తెలిసేది. పుట్టిన పిల్ల మొదటి ఏడుపు నేను వినడం అదే మొదలు. ఎంత గట్టిగా ఏడ్చిందనుకున్నావు! ఆగదే.

ఆ కుర్రాడు నా వైపు చూసి, "పిల్ల నాకు పుట్టింది, మీరెందుకండీ ఏడుస్తున్నారు?" అన్నాడు.

కళ్ళు తుడుచుకుని, "మా బ్యాటరీ బాగా పనిచేస్తోందండీ" అన్నాను.

నీ తమ్ముడు